ఏమీ అడగని దేవుడు

సాఫ్ట్‌వేర్ స్వామీ, నిన్ను పొగడాలని చాలాకాలంగా ఉంది. మా సీమలో దేవుణ్ణి పొగడడం మొదలుపెడితే అందులోనే నాలుగు మాటలు అనేస్తాం కూడా. పరాయివాణ్ణి అలా అనం. ఇందులో పొగడ్తా నిజమే, దెప్పూ నిజమే. రెండూ నీకే.

ముందు నీ ఉపకారం చెప్పుకోవాలి. నంద్యాలలో పుట్టినవాడు శబ్దంతో ఏదన్నా చేయాలనుకుంటే ఒకప్పుడు మద్రాసు బండో హైదరాబాదు బండో ఎక్కాల్సిందే. స్టూడియో గడప తొక్కాలంటే తెలిసినవాళ్లు చెప్పాలి, గంటకింతని కట్టాలి. సంగీతం నేర్చుకుందామంటే ఏ ఇంట్లో పుట్టావన్నది పాటకంటే ముందు వచ్చేది. నువ్వు కులం అడగలేదు. ఊరు అడగలేదు. గురుదక్షిణ అడగలేదు. పాత లాప్‌టాప్ ఒకటి, చవక ఇయర్‌ఫోన్లు ఒక జత ఉంటే చాలన్నావు. డోలు కొట్టే ఇంటి పిల్లాడూ, మహానంది అరటితోటల్లో నీళ్లు కట్టే ఇంటి పిల్లా నీ ముందు ఒకటే. డబ్బు కట్టని భక్తుడిని కూడా గుడిలోకి రానిస్తావు. చేసిన పని దాచుకోనిస్తావు, మళ్లీ తెరవనివ్వవు కొన్ని అవతారాల్లో, అయినా రానిస్తావు. ఈ ఒక్క గుణానికి నీకు జన్మంతా మొక్కవచ్చు.

గురువులు అడిగేవన్నీ నువ్వు మాఫీ చేశావు. అందులో అన్యాయమైనవి చాలా ఉన్నాయి, అవి పోవడం మంచిదే. కానీ అన్నిటితోపాటు ఇంకొకటి కూడా పోయింది. ఏ గురువైనా, ఎంత మొండివాడైనా, మొదటి ఏడాది శిష్యుణ్ణి పక్కన కూర్చోబెట్టి వినమనేవాడు. వాయించొద్దు, విను అనేవాడు. నీ దయ వల్ల ఆ పని మాకు తప్పింది.

నీ సమదృష్టి ఎంత గొప్పదో ఆళ్లగడ్డలో చూశాను. కర్నూలు నుంచి కడప వెళ్లే హైవే పక్కన శిల్పుల షెడ్లు వరసగా ఉంటాయి. సగం చెక్కిన నందులు, కళ్లు తెరవని వినాయకులు, తల మీద ప్లాస్టిక్ సంచి కప్పిన ఆంజనేయస్వామి. ఇప్పుడు కోతకు కట్టర్లు, నునుపుకు గ్రైండర్లు వచ్చాయి గానీ ముఖం దగ్గరికొచ్చేసరికి ఉలీ సుత్తే. ఆ ఉలి చప్పుడుతో ఒక రచన చేద్దామని నేనూ మా మేనల్లుడూ రికార్డరు తీసుకుని వెళ్లాం.

దగ్గర కూర్చుని వింటే ఆ చప్పుడు ఒకేలా ఉండదు. మూడు నాలుగు దెబ్బలు గబగబా పడతాయి. ఆగుతాయి. ఆ ఆగినప్పుడు శిల్పి రాతిపొడి ఊదుతాడు, బొటనవేలితో తడుముతాడు, తల కొంచెం పక్కకు వంచుతాడు. మళ్లీ రెండు దెబ్బలు, ఈసారి తేలికగా. తర్వాత మళ్లీ ఆగుతాడు, ఈసారి ఇంకాస్త ఎక్కువసేపు. నుదురు నుంచి ముక్కు కొసకు దిగుతున్నకొద్దీ దెబ్బల మధ్య ఎడం పెరుగుతుంది, చప్పుడు సన్నబడుతుంది. అందులో తాళం ఉంది. ఆ తాళం రాయి చెబుతుంటే చేయి వేస్తున్నది.

తెచ్చి నీ ముందు పెట్టాం. నువ్వు ఏ తేడా చూపలేదు. ఉలి దెబ్బను సెకనుకు 44,100 ముక్కలుగా కొలిచావు, హైవే మీద లారీ హారన్‌నూ అంతే శ్రద్ధగా కొలిచావు. బ్రహ్మజ్ఞానులకు గాని రాని సమదృష్టి అది. తర్వాత దెబ్బలను సమాన ఎడంతో గీసిన గీతలకు సర్దే నీ క్వాంటైజ్ మీట నొక్కాం. ఒక్క క్షణంలో దెబ్బలన్నీ నీ గీతల మీదికి వచ్చి నిలబడ్డాయి. తడుముకోవడాలు పోయాయి, ఊదడాలు పోయాయి, తల వంచి విన్న ఆ కాసేపు పోయింది. బ్రహ్మాండంగా ఉంది స్వామీ. కాలు ఆడించాలనిపించేంత బాగుంది. రాయి ఎక్కడా లేదు.

ఇక నీ క్షమాగుణం. వెనక్కి తీసుకునే మీట ఒకటిచ్చావు. ఎన్ని తప్పులైనా చేయవచ్చు, కంట్రోల్ నొక్కి జెడ్ నొక్కితే ఆ తప్పు జరగనే లేదు. పురాణాల్లో శివుడికి కూడా ఇంత తొందరగా మనసు కరగలేదు. ఆళ్లగడ్డ షెడ్లలో ఇలాంటి వరం ఎవరికీ లేదు. ముక్కు దగ్గర ఒక్క దెబ్బ అడ్డంగా పడితే నెలల పని పక్కకు పోతుంది. అందుకే వాళ్లు రాయిని తెచ్చుకునేటప్పుడే మోగించి చూస్తారు. గంటలా మోగేది పురుషశిల, తాళంలా మోగేది స్త్రీశిల, ఏ నాదమూ పలకనిది నపుంసకశిల అని శిల్పశాస్త్రం చెబుతుంది. లోపల పగులుంటే అదీ చప్పుడులోనే తెలుస్తుంది. తప్పుకు విలువ ఉన్నచోట చెవికి పని ఉంది. నువ్వు తప్పుకు విలువ తీసేశావు కాబట్టి మేం ముందు పెట్టి చూస్తాం, నచ్చకపోతే తీసేస్తాం, ఇంకోటి పెడతాం, అదీ తీసేస్తాం. పొద్దుపోయేదాకా ఇదే. వినడానికి ఆగిన క్షణం ఒక్కటీ ఉండదు.

నీ నిర్మలత్వం గురించి చెప్పాలంటే మహానంది పోవాలి. నంద్యాల దాటి నల్లమల కొండల వైపు వెళ్తే కొండ మొదట్లోనే గుడి. గర్భగుడి కింద ఊరే జల లోపలి కోనేట్లోకి వస్తుంది, అక్కడి నుంచి బయటి గుండాల్లోకి, ఆ తర్వాత కాలువల్లో పొలాల మీదికి. నీళ్లు ఎంత తేటగా ఉంటాయంటే అడుగున పడ్డ నాణెం బొమ్మో బొరుసో చెప్పవచ్చు. ఆ జల ఏ కాలంలోనూ ఆగదు, అందుకే చప్పుడూ ఆగదు. రాతిగట్టు మీద కూర్చుని కళ్లు మూసుకుంటే ఆ చప్పుడు ఒక్కటి కాదని తెలుస్తుంది. నీళ్లు పడేచోట ఒకటి, పొర్లేచోట ఒకటి, మెట్టు అంచుకు తగిలి తిరిగొచ్చేది ఇంకొకటి. భక్తులు దిగినప్పుడల్లా ఆ మూడూ జరిగి మళ్లీ సర్దుకుంటాయి.

నీ శుద్ధిమంత్రం ఇది: రొద మాత్రమే ఉన్న కొన్ని సెకన్లు చూపించమంటావు. అదే పనిగా, మారకుండా ఉన్నదాన్ని నువ్వు రొద అని గుర్తుపెట్టుకుంటావు. తర్వాత మొత్తం రికార్డింగులోంచి దాన్ని తీసివేస్తావు. మహానందిలో అదే పనిగా ఉన్నది ఏమిటి? నీళ్లే. మా మేనల్లుడు అలవాటు కొద్దీ ఆ మీట నొక్కాడు. నువ్వు కోనేటిని కడిగి పారేశావు. గుడి గంట మిగిలింది, ఎవరిదో దగ్గు మిగిలింది, "దిగు దిగు, లోతు లేదు" అని పిల్లాడిని పిలుస్తున్న తల్లి గొంతు మిగిలింది. నీళ్లున్నచోట సన్నటి లోహపు కిచకిచలు. అంత శుభ్రత మా గుళ్లలో ఏ పూజారీ చేయలేదు. గంగను మైల అనుకుని తీసేసినవాడివి నువ్వొక్కడివే.

నీ నిశ్చలత్వానికి వస్తాను, ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే నా కోపమంతా ఇక్కడే ఉంది. 1983లో డేవ్ స్మిత్, ఇకుతారో కాకెహాషి లాంటివాళ్లు వాద్యాలూ కంప్యూటర్లూ మాట్లాడుకోవడానికి మిడి అనే భాష తెచ్చారు. గొప్ప పని. ఒక కంపెనీ కీబోర్డు ఇంకో కంపెనీ పెట్టెతో మాట్లాడింది ఆ భాష వల్లే. ఆ భాషలో 128 స్వరాలు, స్థాయికి పన్నెండు. ఎంత గట్టిగా కొట్టావో చెప్పడానికి 127 అంకెలు. స్వరాన్ని వంచాలంటే పక్కన ఒక చక్రం. దాన్ని తిప్పితే ఆ దారిలో మోగుతున్న స్వరాలన్నీ కలిసి వంగుతాయి.

మా తోడి రాగంలో గాంధారం ఒకచోట నిలబడదు. రిషభానికీ మధ్యమానికీ నడుమ ఊగుతుంది, ఆ ఊగడమే గాంధారం. స్వరాలను గడులుగా చూపే నీ పియానో రోల్ మీద అదొక పచ్చటి గడి. మా వైపు సన్నాయి వాయించే ఒక పెద్దాయన తోడిని నీకు వినిపిస్తే, నువ్వు ఆ గాంధారాన్ని అపస్వరంగా గుర్తుపట్టి, ఎర్రగా చూపించి, దగ్గర్లో ఉన్న మెట్టు మీదికి లాగి కూర్చోబెట్టావు. తప్పిపోయిన పిల్లాణ్ణి ఇంటికి చేర్చినంత ప్రేమగా చేశావు. ఆ పెద్దాయన ఆ స్వరం కోసం తండ్రి దగ్గర ఎన్నేళ్లు కూర్చున్నాడో నీకెవరూ చెప్పలేదు.

మాకు ఇవన్నీ రాసుకోవడం చేతకాక నీ దగ్గరికి రాలేదు. 1904లో ఎట్టయాపురంలో సుబ్బరామ దీక్షితులు సంగీత సంప్రదాయ ప్రదర్శిని అచ్చువేయించారు. తెలుగు లిపిలో. అందులో కంపితానికో గుర్తు, స్ఫురితానికో గుర్తు, నొక్కు, ఖండింపు, వళి, ఒరిక, ఒక్కోదానికి ఒక్కో గుర్తు. ప్రెస్సులో లేని గుర్తులు పోతపోయించుకుని మరీ వేశారు. ఆ తర్వాత మా కర్నూలులోనే శ్రీపాద పినాకపాణి గారు ఉన్నారు. మెడికల్ కాలేజీలో వైద్యం చెప్పిన డాక్టరు. పాటను కూడా డాక్టరులాగే చూశారు. ఒక గమకంలో గొంతు ఏ స్వరాన్ని ఎంతసేపు తాకి ఎటు జారిందో స్వరాలుగా విడదీసి రాశారు. తిరుమల తిరుపతి దేవస్థానం సంగీత సౌరభం పేరుతో 4 సంపుటాలు వేసింది. 2013 మార్చిలో, నూరేళ్లు నిండడానికి కొన్ని నెలల ముందు, కర్నూలులోనే పోయారు. ఆయన ఇంటికి నంద్యాల బస్సులో పోయి రాగలిగిన దూరంలో పుట్టిన పిల్లలు ఇవాళ నీ పన్నెండు గడులు చూసి, సంగీతమంటే ఇంతే కాబోలు అనుకుంటున్నారు. నువ్వు వాళ్లకు అబద్ధం చెప్పలేదు. అసలేమీ చెప్పలేదు. గీతలు గీసి చూపించావంతే, మిగతాది వాళ్లే నమ్మారు.

నీ పూర్వీకులు ఇంత దయగలవాళ్లు కారు. 1969లో అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ ఒక మూగ్ సింథసైజర్ అమర్చాడు. గోడంత పెట్టె, నిండా తీగలు. గీతా సారాభాయి, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషిపురా దాని ముందు కూర్చుని మన దేశంలో అంతకుముందెవరూ చేయని శబ్దాలు చేశారు. అందులో రెడీమేడ్ శబ్దం ఒక్కటీ లేదు. తీగ ఒక రంధ్రంలోంచి పీకి ఇంకోదాంట్లో పెట్టాలి, మీట తిప్పాలి, వినాలి, మళ్లీ తిప్పాలి. సాయంత్రం తీగలు పీకేస్తే ఆ శబ్దం పోయినట్టే. టేపు మీద పడ్డదే మిగులు. ఆ టేపులు దశాబ్దాలపాటు అలమారాల్లో ఉండిపోయాయి. సంగీతకారుడు పాల్ పర్గస్ వాటిని వెలికితీస్తే 2023లో ఆల్బమ్‌గా వచ్చాయి. 1982లో బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ పది రాగాలను డిస్కో తాళానికి కట్టాడు, అదీ బేస్ గిటారుకు బదులుగా అమ్మిన ఒక చిన్న పెట్టెతో. ఆ పెట్టెలో స్వరం నుంచి స్వరానికి జారే గుణం ఒకటుందని అతని చెవి పట్టుకుంది, దాన్ని రాగానికి వాడుకున్నాడు. మనం డాన్స్ మాస్టర్ అనే పేరుతో చూసిన సినిమాలో ఇళయరాజా కంప్యూటర్‌ను వాయించింది 1986లో. వీళ్లెవరికీ నువ్విచ్చిన సౌకర్యాల్లో పదోవంతు లేదు. పెట్టె ఇవ్వని దాన్ని పెట్టె నుంచి రాబట్టడానికి చెవి ఒడ్డారు.

నువ్వు అన్నీ ఇస్తావు, అదే చిక్కు. లూపుల సంచీ విప్పుతావు, వేలకు వేలు. ఇండియన్ అని రాసిన ప్యాకు తెరిస్తే తబలా, ఢోలక్, సితార్. మా పలక, మా ఉరుము, మా పంబ ఎక్కడైనా ఉన్నాయేమోనని వెతుక్కుంటూ పోతే రాత్రి తెల్లారుతుంది. ప్రయోగాత్మకం అని పేరు పెట్టి ప్రీసెట్లు కూడా ఇచ్చావు. కొత్తగా ఉండాలనుకున్న నంద్యాల కుర్రాడూ, బెర్లిన్ కుర్రాడూ, సావో పాలో కుర్రాడూ ఒకే మీట నొక్కి ఒకే కొత్తదనం తెచ్చుకుంటున్నారు. వినాయక నిమజ్జనానికి డీజే మిక్స్ చేసే పిల్లలను వీళ్లకంటే నేను ఎక్కువ గౌరవిస్తాను. వాళ్ల పాట ఎవరు వింటారో వాళ్లకు తెలుసు, ఏ సందులో బేసు గోడలకు తగిలి ఎలా తిరిగొస్తుందో కూడా తెలుసు. కనీసం ఆ సందును విన్నారు.

పంచడంలో నీ ఔదార్యానికి హద్దు లేదు. పొద్దున చేసిన శబ్దం మధ్యాహ్నానికి డల్లాస్‌లో మోగుతుంది. కానీ దారిలో దాన్ని చిన్నది చేసి పంపుతావు, మనిషి చెవికి ఎలాగూ వినపడదని నువ్వు లెక్కగట్టినదంతా తీసేసి. కోనేటి నీళ్లలో మూడో పొర, ఆ తిరిగొచ్చే చప్పుడు, ఎక్కువ భాగం ఆ లెక్కలోనే పోతుంది. స్పాటిఫైలో 30 సెకన్లు దాటితేనే ఒకరు విన్నట్టు. మహానంది కోనేటికి చెవి అలవాటు పడడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది. అందుకని పిల్లలు మొదటి క్షణంలోనే దుమ్ము లేపుతున్నారు. ఎవరిది ఏదో నువ్వే తేలుస్తావు కూడా. ఆస్ట్రేలియా సంగీతకారుడు సెబాస్టియన్ టామ్‌జాక్ తానే తయారుచేసిన పది గంటల ఉత్త రొదను యూట్యూబ్‌లో పెడితే, 2018 జనవరి నాటికి దాని మీద ఐదు కాపీరైట్ క్లెయిములు పడ్డాయి. రొద ఎవరి సొత్తో చెప్పగల సర్వజ్ఞుడివి. రేపు కోనేటి చప్పుడు పెడితే దాని పట్టా ఎవరి పేరున ఉందంటావో.

సరిదిద్దని రికార్డింగు ఒకటి మా దగ్గర ఉండిపోయింది. ఉలి చప్పుడు, ఉన్నది ఉన్నట్టు, లారీ హారన్లతో సహా. దాన్ని ఫోన్లో వేసుకుని మళ్లీ ఆళ్లగడ్డ పోయినప్పుడు షెడ్లో ఒక తాత చెవికి పెట్టాం. అది రికార్డు చేసిన షెడ్డు కాదు, పక్కది. ఆయన కాసేపు విన్నాడు. "ఉలి మొద్దుబారింది గదప్పా, ఇనపళ్యా నీకు?" అన్నాడు. ఇంకొంచెం విన్నాడు. "ఈడ మార్చినాడు సూడు." మేం వెనక్కి జరిపి మళ్లీ విన్నాం. నిజమే. ఒకచోట కాసేపు ఆగి, తర్వాత పడ్డ దెబ్బ కొంచెం పదునుగా, కొంచెం పైశ్రుతిలో ఉంది. ఎన్నోసార్లు తెర మీద చూసిన చోటే అది. అలల బొమ్మలో ఆ దెబ్బా ముందు దెబ్బా ఒకే ఎత్తున ఉన్నాయి, అందుకని మాకు ఒకటే అనిపించాయి. మా మేనల్లుడు ఆ రోజు దారి పొడుగునా మాట్లాడలేదు. ఇంటికొచ్చి ఆ ఉలి మారిన చోటే రచనకు మధ్యభాగం చేశాడు. ముందంతా మొద్దు ఉలి, తర్వాతంతా పదును ఉలి. నీ దగ్గరున్న వేల ప్లగిన్లలో ఒక్కటీ వాడలేదు.

నిన్ను తీసేయమని అడగడం లేదు స్వామీ. నువ్వు లేకపోతే ఆ రచనే లేదు, తాత చెవికి పెట్టడానికి ఆ ఫోనూ లేదు. నీకు చేతకాదని కూడా అనను. 2018లో ఒక్కో స్వరాన్ని విడివిడిగా వంచే పద్ధతి వచ్చింది, 2020లో మిడి 2.0 వచ్చింది, తోడి గాంధారానికి చోటు దొరికింది. మిల్లర్ పకెట్ 1996లో చేసిన ప్యూర్ డేటా ఇప్పటికీ ఉచితమే. అది తెరిస్తే తెల్ల కాగితం, గీతల్లేవు, గడుల్లేవు. హైదరాబాద్‌లో సంగీతకారుడు మూర్తోవిక్ లాంటివాళ్లు కర్ణాటక సంగీతాన్ని నీ శబ్దాలతో కలిపి చూపించారు. దారి ఉంది. నువ్వు ముందుగా పరిచిపెట్టిన దారి వెడల్పుగా ఉండడం వల్ల ఇది కనపడదు.

అందుకని నా కోరికలు చిన్నవి. కొత్త ప్రాజెక్టు తెరవగానే గీతలు చూపించకు. మైకు తెరిచి, తెర ఆపేసి, కొంతసేపు మమ్మల్ని చెవులకు వదిలెయ్యి. శుద్ధి చేసేముందు ఇది నీళ్లా రొదా అని ఒక్కమాట అడుగు. అపస్వరం అని ఎర్రరంగు పూసేముందు ఏ రాగమని అడుగు. ఇన్నాళ్లూ ఏమీ అడగని దేవుడివని నిన్ను కొలిచాం, ఇకనైనా కొన్ని అడుగు.

ఇంకొకటి. మేనల్లుడు గ్రిడ్ ఆపేశాడు, స్నాప్ తీసేశాడు. పైన నిమిషానికి ఎన్ని దెబ్బలో చెప్పే టెంపో గడి మాత్రం మిగిలింది. అందులో నువ్వే వేసిన 120 ఉంది. తుడిస్తే మళ్లీ వచ్చి కూర్చుంటోంది. సున్నా కొడితే ఒప్పుకోవు. ఆ గడిని ఖాళీగా ఉంచనివ్వు స్వామీ, ఆ రచనలో ఎవరూ లెక్కపెట్టడం లేదు.